కొయ్యమేడలో భోజనము

పాత కట్టడమును చూడబోయినవారు సాధారణముగా దాని యెదుట నిలిచి, తల యెత్తి చూచి, లోపలికి పోయినను చేతులు వెనుకకు కట్టుకొని నడచి, తిరిగి వత్తురు. కాని కొన్ని పాత యిండ్లు చూచి పోవుటకు మాత్రమే ఉన్నవి కావు. తలుపు తెరచి లోనికి పిలిచి, బల్లముందు కూర్చుండబెట్టి, వేడిగా వడ్డించి, వెల పుచ్చుకొని పంపును. ఫ్రాన్సు దేశపు తూర్పు సరిహద్దున, రైన్ నది చెంత నున్న స్ట్రాస్‌బర్గు నగరమున అట్టి యిల్లొకటి కలదు. దానిని కామెర్‌జెల్ మేడ యందురు. నేల అంతస్తు రాతికట్టు, పైనున్నదంతయు కొయ్యపని. ఆ కొయ్యపని 1589వ సంవత్సరము నాటిది. నేడది భోజనశాల, పై అంతస్తులలో ప్రయాణికులు బసచేయుటకు కొన్ని గదులు కూడ కలవు.

నిప్పు లేనిదే వంట లేదు. నిప్పునకు ఎండిన కొయ్యకంటె ప్రీతియైన ఆహారము లేదు. అట్టిచో ఒక కొయ్యమేడ నాలుగు శతాబ్దములకు పైగా నిలిచి, నేటికిని వచ్చినవారికి వండి పెట్టుచున్నదన్నచో, అది యెట్లు సాధ్యమైనది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ముందుగా ఆ యింటి చుట్టుపట్లను చూతము. స్ట్రాస్‌బర్గు నడిబొడ్డున నోత్ర్‌దామ్ అను మహాదేవాలయము కలదు. ఎఱ్ఱని ఇసుకరాతితో కట్టిన దాని గోపురము 1439లో పూర్తియైనది. ఎత్తు 142 మీటర్లు. 1647 మొదలు 1874 వరకు ప్రపంచములోని కట్టడము లన్నిటిలోను ఎత్తయినది అదియే. ఆ దేవాలయము ముందున్న చదునైన మైదానమునకు ఒక మూలగా మన కామెర్‌జెల్ మేడ నిలిచియున్నది. రాతికొండవంటి గుడి ఒకవైపు, నల్లబడిన కొయ్యమేడ మరొకవైపు. ఒకటి దేవుని కొరకు ఊరందరు కట్టినది. రెండవది ఒక వర్తకుడు తన కొరకు కట్టించుకొన్నది. ఈ రెండు కట్టడముల చరిత్రలు తరువాతి కాలమున ఎట్లు ముడిపడినవో ముందు చెప్పబోవుచున్నాను.

కొయ్యచట్రపు ఇల్లు ఎట్లు కట్టుదురో కొంచెము తెలిసికొనినగాని ఈ కథ బోధపడదు. మనకు తెలిసిన ఇండ్లలో గోడ బరువు మోయును. కొయ్య పైకప్పునకు దూలముగను వాసముగను నిలుచును. ఈ యిండ్లలో అట్లు కాదు. ఇక్కడ బరువంతయు మోయునది కొయ్యచట్రమే. ఓక్ మ్రానును నరికి, పచ్చిగా ఉండగనే చదరముగా చెక్కి, నిలువు కంబములను, అడ్డు దూలములను, ఏటవాలు ఊతకొయ్యలను తయారుచేయుదురు. ఒక కొయ్య చివర కుసి తీసి, రెండవదానిలో బెజ్జము తొలిచి, ఒకదానిలో ఒకటి దూర్చి, అడ్డముగా కొయ్యమేకును దిగగొట్టుదురు. ఇనుముతో పని స్వల్పము. పచ్చికొయ్య ఎండినకొలదిని కీళ్ళు బిగిసికొనును.

వడ్రంగులు ఈ చట్రమును ముందుగా తమ పనిచోట నేలపై పరచి కూర్చి చూచుకొని, ప్రతి కొయ్యపైనను గుర్తులు చెక్కి, విప్పి, ఇంటి స్థలమునకు తెచ్చి మరల నిలబెట్టెడివారు. అందుచేత ఆల్సేస్ ప్రాంతపు పల్లెలలో ఇల్లు విప్పి, మరియొకచోట నిలబెట్టుకొనుట వింత కాదు. చట్రము నిలిచిన పిమ్మట కొయ్యల నడుమనున్న ఖాళీలను తడికెలతో నింపి, గడ్డి కలిపి త్రొక్కిన బంకమట్టిని రెండువైపుల మెత్తి, పైన సున్నము పూయుదురు. గోడ యనునది ఇక్కడ ఎండవానలను ఆపు తెర మాత్రమే. ఊతకొయ్యలను కూర్చు తీరులలో ఒకటి చేతులు చాచి, కాళ్ళు విడదీసి నిలిచిన మనుష్యుని ఆకారమును పోలియుండును. పనివారు దానికి ‘మనిషి’ అనియే పేరు పెట్టిరి.

ఇట్టి ఇండ్లలో పై అంతస్తు క్రిందిదానికంటె కొంత వీధిలోనికి చొచ్చుకొని వచ్చును. ఇరుకైన స్థలమున గదులు పెద్దవి చేసికొనుటకు అది ఉపాయము. క్రింది గోడపై వాన పడకుండ అది చూరువలె కాపాడును గూడ.

ఇక కామెర్‌జెల్ మేడ సంగతి. ఆ స్థలమున 1427లో ఇల్లు కట్టబడినది. 1467లో దానిని మార్చి కట్టిరి. నేడు మనము చూచు రాతి నేలయంతస్తు, దాని పెద్ద కమానులు అప్పటివి. 1571లో మార్టిన్ బ్రౌన్ అను చీజు వర్తకుడు దానిని కొనెను. ఆతడు 1589లో క్రింది రాతియంతస్తును ఉంచి, పైభాగమునంతయు క్రొత్తగా కొయ్యతో కట్టించెను. ఒకదానికంటె ఒకటి ముందుకు చొచ్చిన మూడంతస్తులు, వాని మీద నిటారైన పైకప్పు క్రింద మూడు అటుకల వరుసలు ఏర్పడినవి. కప్పు కొసన సరకులను పైకి చేదుటకు గిలక నుంచిరి. క్రింద అంగడి, నడుమ కుటుంబము, పైన సరకుల నిలువ. వర్తకుని జీవితమంతయు ఒకే కప్పు క్రింద, నిలువుగా పేర్చినట్లుండెను.

బ్రౌను కట్టించిన ఇల్లు కేవలము ఉపయోగమునకే ఉద్దేశింపబడినది కాదు. చట్రములోని కంబములను, దూలములను, కిటికీల అంచులను శిల్పులు విడువక చెక్కిరి. రాశిచక్రపు చిహ్నములు, పంచేంద్రియములకు ప్రతీకలు, మానవ జీవితమునందలి వయోదశలు, విశ్వాసము, ఆశ, దయ అను మూడు సద్గుణములు, ప్రాచీన కథలలోని వీరులు, వాద్యములు పట్టిన గాయకులు ఆ కొయ్యపై నిండియున్నారు. కిటికీలు 75. వానిలో గుండ్రని చిన్న అద్దపు బిళ్ళలను సీసపు పట్టీలతో కూర్చిరి. సీసా అడుగువలె మందముగా ఉండు ఆ బిళ్ళలలోనుండి వెలుతురు లోనికి వచ్చును గాని, బయటి మనుష్యుడు స్పష్టముగా కనబడడు. దేవాలయము గోడపై రాతిలో ఏమి చెక్కియున్నారో చూచి, తన యింటిపై కొయ్యలో అట్టిదే చెక్కించుకొనవలెనని ఆ వర్తకుడు తలచినట్లు తోచును. పాలు విరిచి నిలవచేసి అమ్ముకొను వాని ఇల్లు, ఊరిలో అందరును నడచు చోట, గుడి కెదురుగా తల యెత్తి నిలిచినది.

1681లో పదునాలుగవ లూయీ సేనలు స్ట్రాస్‌బర్గును ఆక్రమించుటతో అంతవరకు జర్మను సామ్రాజ్యమున స్వేచ్ఛానగరముగా ఉన్న ఊరు ఫ్రాన్సు వశమైనది. ఇల్లు మాత్రము చేతులు మారుచు అంగడిగానే సాగెను. 19వ శతాబ్దమున ఫిలిప్ ఫ్రాన్స్వా కామెర్‌జెల్ అను పచారీ వర్తకుడు దానికి యజమాని అయ్యెను. నేటికిని ఆ మేడను ఆతని పేరుతోనే పిలుచుచున్నారు. మేడను చెక్కించిన బ్రౌను పేరు మరుగున పడినది. పచారీ సరకు అమ్మినవాని పేరు నిలిచినది. ఊరివారు ఇంటిని పిలుచుట శిల్పమును చూచి కాదు, తాము సరకు కొనుటకు పోవు దుకాణమును తలచి యని దీనివలన తెలియుచున్నది.

ఆ పిమ్మట వచ్చినది అగ్నిపరీక్ష. 1870లో ప్రష్యా సేనలు స్ట్రాస్‌బర్గును ముట్టడించినవి. ఆగస్టు 24వ తేదీ రాత్రి ఫిరంగిగుండ్లవలన తాంప్ల్ నెఫ్ అను ప్రార్థనాలయము దగ్ధమై, అందున్న నగర గ్రంథాలయము బూడిదయైనది. పండ్రెండవ శతాబ్దమున హెర్రాడ్ అను సన్న్యాసిని కూర్పించిన సచిత్రగ్రంథపు మూలప్రతి ఆ మంటలలోనే పోయినది. మరునాటి రాత్రి మహాదేవాలయపు కప్పు అంటుకొనెను. రాతిగుడి కప్పు కాలిపోవుచుండగా, ఎదుటనున్న కొయ్యమేడ కాలకుండ మిగిలినది. ఇందులో అదృష్టము పాలు అధికమే. అయినను కొయ్యనుగూర్చి ఒక నిజమును ఇచ్చట చెప్పవలెను. బొద్దుగానుండు ఓక్ దూలము పుల్లవలె భగ్గుమని కాలదు. ముందు పైన బొగ్గుపొర కట్టును; ఆ పొర లోపలి కొయ్యను కొంతసేపు కాపాడును. ఖాళీలలోని మట్టి, పైనున్న సున్నము మంట ప్రాకుటను ఆలస్యము చేయును. మనుష్యులు నీటితో పరుగెత్తి వచ్చుటకు ఆ వ్యవధియే చాల విలువైనది.

యుద్ధానంతరము 1871లో ఆల్సేస్ జర్మనుల పాలయ్యెను. 1879లో ఆ కొయ్యమేడ అమ్మకమునకు వచ్చినపుడు, నోత్ర్‌దామ్ దేవాలయపు నిర్మాణసంస్థ దానిని కొనెను. ఈ సంస్థ 13వ శతాబ్దమునాటినుండి ఉన్నది. దేవాలయమునకు కావలసిన రాళ్ళను చెక్కించుట, శిథిలమైనవానిని తీసి క్రొత్తవానిని అమర్చుట, అందుకు కావలసిన భూములను, సొమ్మును సంరక్షించుట దాని పని. గుడి యెన్నడును ‘పూర్తి’ కాలేదని దాని పనివారికి తెలియును. ఇసుకరాయి గాలికి వానకు అరగిపోవును. ఒక మూల బాగుచేయునప్పటికి మరియొక మూల పని సిద్ధముగా నుండును. అట్టి అలవాటు గల చేతులలోనికి కొయ్యమేడ వచ్చుట దానికి పట్టిన గొప్ప భాగ్యము. కొన్నవారు దానిని కూల్చలేదు, మూసియు పెట్టలేదు. మరమ్మతు చేయించిరి.

20వ శతాబ్దారంభమున, 1905 ప్రాంతమున, లియో ష్నుగ్ అను చిత్రకారుడు ఆ యింటి లోపలి గోడలపై మధ్యయుగపు తీరులో చిత్రములు వ్రాసెను. ష్నుగ్ 1878లో స్ట్రాస్‌బర్గులోనే పుట్టినవాడు. జర్మను చక్రవర్తి రెండవ విల్హెల్మ్ ఆల్సేస్ కొండలమీద ఓ-కోనిగ్స్‌బూర్ అను పాతకోటను బాగుచేయించినపుడు, అందలి గోడలపై చిత్రములు వ్రాసినవాడును ఆతడే. ఆతని అంత్యదశ దయనీయము. మానసిక చికిత్సాలయమున చివరి యేండ్లు గడపి, 1933లో కన్నుమూసెను. ఈనాడు ఆ భోజనశాలలో కూర్చుండి గోడవైపు చూచి, ‘ఆహా, మధ్యయుగము!’ అని ఆనందించు అతిథి నిజముగా చూచుచున్నది 20వ శతాబ్దపు తొలినాళ్ళలో ఒక యువకుడు కలగనిన మధ్యయుగమును.

మొదటి ప్రపంచయుద్ధాంతమున 1918లో నగరము మరల ఫ్రాన్సు పాలయ్యెను. 1929లో ఫ్రెంచి ప్రభుత్వము ఈ యింటిని రక్షిత చారిత్రక కట్టడముగా ప్రకటించెను. పదేండ్లు గడచెను. 1939 సెప్టెంబరులో యుద్ధము ప్రకటింపబడుటతో, సరిహద్దు నగరమగుటచేత, స్ట్రాస్‌బర్గు ప్రజలను, లక్షకు పైగా జనమును, దేశపు నైరుతి భాగమునకు తరలించిరి. ఊరు ఊరంతయు ఖాళీ యయ్యెను. 1940లో జర్మనులు ఆల్సేసును కలుపుకొని, వీధుల పేర్లు మార్చి, ఫ్రెంచి భాషను నిషేధించిరి. 1944 ఆగస్టు 11న మిత్రరాజ్యముల విమానముల బాంబులు మహాదేవాలయమునకును, దాని ప్రక్కనున్న రోహాన్ ప్రాసాదమునకును హాని కలిగించినవి. ఆ సంవత్సరమే నవంబరు 23న ఫ్రెంచి సేనలు నగరమును విముక్తము చేసినవి. 1871 మొదలు 1944 వరకు, 73 ఏండ్లలో, ఆ యింటి యెదుట జెండా నాలుగుసార్లు మారినది. ఇల్లు కదలలేదు. వంటకముల పేర్లు ఒకనాడు జర్మనులో, ఒకనాడు ఫ్రెంచిలో పలుకబడినవి. కుండలో ఉడుకు పదార్థము మారలేదు.

ఆ పదార్థమేమని శ్రోతలు అడుగవచ్చును. ఆల్సేస్ వంటలలో మొదటిది షుక్రూత్. జర్మనులు దీనినే సౌర్‌క్రౌట్ అందురు. క్యాబేజీని సన్నగా తరిగి, పొరపొరకు ఉప్పు చల్లుచు జాడీలో కూరి, పైన బరువు పెట్టుదురు. ఉప్పువలన ఆకులోని నీరు ఊరి, ఆ నీటిలోనే కొన్ని వారములు పులియును. ఊరగాయ జాడీ మూతను ఎవరు పడితే వారు తీయరాదని గదమాయించు గృహిణులకు ఈ పద్ధతి వివరింప నక్కరలేదు. చలికాలమున పచ్చికూర దొరకని దేశమున ఇది సంవత్సరమంతయు నిలువయుండు ఆకుకూర. 1768లో బయలుదేరిన కెప్టెన్ కుక్ తన ఓడలో దీనిని తీసికొనిపోయి, నావికులకు పండ్లచిగుళ్ళ జబ్బు రాకుండ తినిపించెను. ఆల్సేసులో దీనిని తెల్ల ద్రాక్షసారాయములో మెల్లగా ఉడికించి, మాంసపు ముక్కలతోను, ఉడికిన బంగాళాదుంపలతోను కలిపి వడ్డింతురు. ఇటీవలి దశాబ్దములలో చేపలతో వండు షుక్రూత్ కూడ ఈ యింట ప్రసిద్ధికెక్కినది.

రెండవది బెకెఓఫ. ఆ మాటకు రొట్టెలవాని పొయ్యి అని అర్థము. రాత్రి ద్రాక్షసారాయములో నానవేసిన మూడు తెగల మాంసమును, ఉల్లిని, బంగాళాదుంపలను మట్టిపాత్రలో పొరలుగా పేర్చి, మూతచుట్టు పిండితో మూసి, సన్నని సెగపై గంటలకొలది ఉడుకనిత్తురు. పూర్వము గృహిణులు బట్టలు ఉదుకుకొను సోమవారమున వంటకు తీరిక లేక, ఆ పాత్రను రొట్టెలవానికి అప్పగించి పోయెడివారని చెప్పుకొందురు. రొట్టెలు కాల్చిన పిమ్మట ఆ పొయ్యిలో మిగిలిన వేడి ఊరివారి భోజనమును ఉడికించెడిది. ఈ రెండు వంటకములలోను ఒక గుణము సమానము. ఉన్నదానిని వృథాకానీయక, కాలమును తోడుచేసికొని, మెల్లగా పక్వమునకు తెచ్చుట.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఈ మేడ యెట్లు నిలిచినది? ఆకాశమునుండి పడు బాంబునకు కొయ్యగాని రాయిగాని సమాధానము చెప్పజాలదు. అక్కడ అదృష్టమే దిక్కు. కాని కొయ్యయింటికి నిప్పుకంటె ఘోరమైన శత్రువు తేమ. నిప్పు ఒక రాత్రి వచ్చును. తేమ ప్రతి వర్షమునకు వచ్చును. పెంకు జారి, చుక్క చుక్కగా నీరు దూలముపై పడి, కుసి బెజ్జము కలిసిన కీలులో నిలిచినచో, కొన్ని యేండ్లకు ఆ కీలు లోపలినుండి కుళ్ళిపోవును. అంతవరకు బయటికి ఏమియు కానరాదు. ఇంట మనుష్యులున్నచో చినుకు కారిన మరునాడే తెలియును. వెంటనే ఎవరో నిచ్చెన వేయుదురు. లోపల మంట వెలుగుచు, గాలి ఆడుచుండిన కొయ్య ఆరును. తాళము వేసిన ఇంటిలో ఈ రెండును జరుగవు. మన పల్లెలలో పాడుపెట్టిన పెంకుటిండ్లను చూచినవారికి ఈ సంగతి వేరుగ చెప్ప నక్కరలేదు.

కొయ్యచట్రములో మరియొక సుగుణము కలదు. ఒక కంబపు మొదలు చివికినచో, ఆ మేర కోసి, క్రొత్త ఓక్ కొయ్యను అతికి, మేకు దిగగొట్టవచ్చును. మిగిలిన ఇల్లు నిలిచియే యుండును. అయితే ఇట్లు మార్చుచు పోగా అది పాత ఇల్లేనా యని సందేహము కలుగవచ్చును. కామెర్‌జెల్ మేడలో రాయి 1467 నాటిది, చట్రము 1589 నాటిది, గోడలపై చిత్రములు 1905 ప్రాంతమువి, బల్లపైని భోజనము నేటిది. ఇందులో ఏది అసలు ఇల్లు? నా మట్టుకు నాకు, ఈ అన్నిటిని ఒకచోట చేర్చి పట్టుకొన్న అలవాటే ఆ యిల్లని తోచును. ఆ అలవాటు పేరు మరమ్మతు. 2020లో యునెస్కో సంస్థ, స్ట్రాస్‌బర్గు దేవాలయపు శిల్పశాలతో కూడ ఐరోపాలోని అట్టి శిల్పశాలల పనితీరును, విద్యను కాపాడుకొను మంచి పద్ధతుల పట్టికలో చేర్చినది. అక్కడ గౌరవింపబడినది రాయి కాదు. ఉలి పట్టిన చేయి, దానిని మరియొక చేతికి నేర్పుట.

అన్ని ఇండ్లకును ఈ భాగ్యము పట్టలేదు. 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆల్సేస్ పల్లెలలో అనేకమైన కొయ్యయిండ్లు ఇరుకని, పాతవని కూల్చబడినవి. మనసు నొచ్చిన కొందరు వానిలో కొన్నిటిని కొయ్యకు కొయ్య విప్పి, గుర్తులు వేసి, ఉంగెర్‌షైమ్ అను గ్రామము చెంత మరల నిలబెట్టిరి. 1984లో అది బహిరంగ ప్రదర్శనశాలగా తెరువబడినది. డెబ్బదికి పైగా ఇండ్లు అక్కడ చేరినవి. అది మెచ్చదగిన సేవయే. పూర్వపు వడ్రంగులు చెక్కిన గుర్తుల విద్యయే అక్కడను ఉపకరించినది. అయినను ఊరినుండి ఎత్తి తెచ్చిన ఇంటికి దాని వీధి తిరిగి రాదు. పొరుగువారు తిరిగి రారు. కామెర్‌జెల్ మేడ తన మూలను, తన గుడిని, తన బాటసారులను విడువక నిలిచినది. అంగడి పోయి భోజనశాల వచ్చినది. ఇల్లు పనిలోనే యున్నది.

ఎవరైనను ఆ నగరమునకు పోవుట తటస్థించి, ఆ మేడలో భోజనమునకు కూర్చున్నచో, వడ్డన ఆలస్యమైనదని విసుగుకొనక ఒకసారి పైకి చూడవలెను. దూలము కంబముతో కలియుచోట గుండ్రని చిన్న కొయ్యమేకు తల కానవచ్చును. దానిని దిగగొట్టినవాని పేరు ఏ గ్రంథమునను లేదు. ఆతడు చేసిన కీలు నేటికిని మీ తలమీది అంతస్తును మోయుచున్నది.